స్తంభానికి కట్టిన ఓడలు

పూర్వం ఒక రేవుపట్నంలో ఏటి మీద కొత్తగా వంతెన వేశారు. ఏట్లో స్తంభాలుండడం అలవాటులేని ఓడలవాళ్ళు వాటిని గుద్దడం మొదలుపెట్టారు. వంతెన ఎక్కడ కూలుతుందోనని రాజుగారికి దిగులు పట్టుకుంది.

మంత్రి విరూపాక్షయ్య మీసం దువ్వి చాటింపు వేయించాడు. "స్తంభాన్ని గుద్దిన ఓడను సర్కారు జప్తు చేసి ఆ స్తంభానికే కట్టేస్తుంది. ఓడ తాలూకు మనిషి అందులోనే కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు 'జాగ్రత్త' అని కేకలు వేయాలి!"

గుద్దుళ్ళు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగాయి. కట్టేసిన ఓడలతో దారి ఇరుకైపోయింది. ఏ కేక ఎటునుంచి వస్తోందో ఎవరికీ తెలియలేదు. ఇలా ఎందుకవుతోందో రాజుగారికి, మంత్రికి అసలు అంతుపట్టలేదు.

ఒకనాడు ఉప్పు ఓడ నడిపే సరంగు పోలయ్యను భటులు సభకు పట్టుకొచ్చారు.

"స్తంభాన్ని గుద్దావట?" అన్నాడు మంత్రి.

"నేను గుద్దింది మీరు కట్టించిన ఓడను బాబయ్యా. అది పోయి స్తంభాన్ని గుద్దింది."

మంత్రి తికమకపడ్డాడు. "చట్టం చట్టమే. స్తంభాన్ని ఏది గుద్దితే దానిదే తప్పు!"

"చిత్తం. ఆ ఓడ ఎవరిది?"

"జప్తు చేశాంగా, సర్కారుది."

"మరి సర్కారు తాలూకు మనిషిగా అందులో కూర్చునేదెవరు బాబయ్యా?"

సభంతా మంత్రివైపు తిరిగింది. రాజుగారు తల గోక్కుని, "చట్టం మీరు చేసిందే కదా, మీరే కూర్చోండి" అన్నారు.

మర్నాడు మంత్రి ఆ ఓడలో కూర్చున్నాడో లేదో, బెల్లం ఓడ ఒకటి తిన్నగా ఆయన మీదికే వచ్చింది. "జాగ్రత్త" అనడం మరిచిపోయి, ఆయన గొంతు చించుకున్నాడు.

"తాళ్ళు విప్పండ్రోయ్! అన్ని ఓడల తాళ్ళూ విప్పేయండి!"