కీచుకారు కొండెక్కిన కథ

ఆ గుమ్మం వైపు చూడ్డం ఆపి ఇటు తిరుగు, పండూ. మీ అమ్మ రేపు పొద్దున్నకల్లా వచ్చేస్తుంది. తీసుకురావడానికి తాతయ్య కారేసుకుని వెళ్ళాడు కదా. నువ్వు కళ్ళింత చేసుకుని కూర్చుంటే తొందరగా వస్తుందా ఏమిటి? దుప్పటి కప్పుకో. కథ చెప్తాను.

అనగనగా కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ. ఆవిడ మొగుడు సింహాద్రి. వాళ్ళకి ఒక పాత తెల్ల కారు, ఒక్కతే కూతురు. కూతురి పేరు ముత్యం. ముత్యాన్ని కొండ మీద, పాడేరులో ఇచ్చారు.

వరహాలమ్మకి భయం ఎక్కువ. పిల్లి ఎదురొస్తే భయం, ఎవరైనా తుమ్మితే భయం. ఏ భయమూ లేకపోతే, ఎందుకు లేదా అని ఇంకో భయం. మనిషి మాత్రం మంచిదే. మంచిదని నేనంటున్నాను, మిగతావాళ్ళు ఏమంటారో నాకు తెలీదు.

అప్పుడు ముత్యానికి ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. అందుకని వియ్యపురాలు కబురు పెట్టింది. "తీసుకెళ్ళేదైతే గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపల తీసుకెళ్ళండి. ఆ తర్వాత ఎనిమిదో నెల వస్తుంది. ఎనిమిదో నెల్లో నేను పిల్లని గడప దాటించను" అంది.

పోనీ తొమ్మిదో నెల్లో తెచ్చుకుందామా అంటే, అప్పుడు ఆ ఘాట్ మలుపుల్లో తిప్పొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది. అంటే గురువారం తప్పిందా, అంతే. పిల్ల అమ్మ పక్కన లేకుండానే నొప్పులు పడాలి.

బుధవారం పొద్దున్న సింహాద్రి కారు తుడిచి ఊళ్ళో ఒక చుట్టు తిప్పాడు. ఆ కారు వానాకాలం నుంచీ చిన్నగా కీచుమంటూనే ఉంది. ఆ రోజు మాత్రం గతుకు వచ్చినప్పుడల్లా బానెట్, అదే, ఇంజను మీద మూత, కీ...చ్ మని మూలిగి ఎగిరెగిరి పడింది.

వరహాలమ్మ వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. "ఏటండీ ఆ చప్పుడు? ఘాట్లో గాలికి ఆ మూత లేచి అద్దానికి కొట్టుకుంటే దారి కనపడుతుందా? ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కారులో కడుపుతో ఉన్న పిల్ల!"

సింహాద్రి దిగి ఆ మూతని రెండు చేతులా నొక్కి నొక్కి చూశాడు. ఆయనకీ భయం వేసిందన్నమాట.

ఊళ్ళో ఉన్న మిగతా మూడు కార్లూ పెళ్ళిళ్ళకి పోయాయి. మెకానిక్కు సత్యారావు మాల వేసుకుని శబరిమల రైలెక్కేశాడు. ఇక ఆ కారుని ఇంటి దగ్గరే, వీళ్ళిద్దరే బాగుచేసుకోవాలి.

అప్పుడు వరహాలమ్మ ముందుగా ఏం చేసిందో తెలుసా? కారుకి దిష్టి తీసింది! గుప్పెడు ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు బానెట్ చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో పడేసింది. మిరపకాయలు కాలి ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. అక్కడేమో వీధి వీధంతా దగ్గింది. అంటే దిష్టి లేదు, ఇంకేదో ఉంది.

ఆ తర్వాత సింహాద్రి వంతు. "తాళం బిగుసుకుందే" అని బానెట్ ముందు తాళంలో అరగ్లాసు కొబ్బరినూనె పోశాడు. మళ్ళీ ఒక చుట్టు తిప్పాడు. మూలుగు తగ్గలేదు సరికదా, కారు తలంటుకున్నట్టు వాసన కూడా వేసింది.

నవ్వకు. వాళ్ళకి అప్పుడు నవ్వు రాలేదు. మధ్యాహ్నం మూడయింది. కలిపిన అన్నం కంచంలో అలాగే ఉండిపోయింది. వరహాలమ్మ గడియారం చూడ్డం, వీధిలోకి రావడం, మళ్ళీ లోపలికెళ్ళడం. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అలాగే.

అప్పుడు రైల్లో ఉన్న సత్యారావుకి ఫోను కలిసింది. "వదినా, చప్పుడు బండంతా పాకుతాది. చెవిని నమ్మకు. అన్నయ్యని బండి ఊపమను, నువ్వు మూత మీద చెయ్యేసి చూడు. ఎక్కడ వణుకుతాదో అక్కడే ఉంది రోగం" అన్నాడు.

సింహాద్రి ముందు నిలబడి కారుని కిందికి నొక్కి వదిలాడు. వరహాలమ్మ ఎడమ మూల చెయ్యేసింది. ఏం లేదు. కుడి మూల వేసింది. అక్కడా ఏం లేదు. అప్పుడు వెనక్కి, అద్దం దగ్గరికి జరిపింది. చేతి కింద మూత జ్వరమొచ్చిన పిల్లలా వణికింది.

"ఇక్కడండీ!" అని అరిచింది.

మూత ఎత్తి చూశారు. మన తలుపుకి ఉన్నట్టే దానికీ రెండు మడతబందులు ఉంటాయి. ఆ రెండూ పచ్చగా ఉన్నాయి. గట్టిగా పెచ్చు కట్టిన పసుపు. సింహాద్రి గోటితో గీకితే పెచ్చు ఊడింది. దాని కింద ఎర్రటి తుప్పు. చుక్క గ్రీసు లేదు. తుప్పుతో పెనుగులాడి బోల్టులు కూడా వదులైపోయాయి.

అక్కడికి పసుపు ఎలా వచ్చిందంటావా? వరహాలమ్మే రాసింది! శుక్రవారం శుక్రవారం ఇంటి గడపకి పసుపు రాస్తుందా, మిగిలిన పసుపునీళ్ళ గిన్నె పట్టుకెళ్ళి, బానెట్ ఎత్తి, ఆ బందులకీ రాసేది. మూతకి అదే గడప అనుకుంది. మొగుడు తిరిగే కారు, కూతుర్ని చూడ్డానికి కొండెక్కే కారు, చల్లగా ఉండాలని రాసింది. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, ఏడాది పొడుగునా రాసింది.

వరహాలమ్మ కారు పక్కన కూలబడి ఏడ్చింది. "నా బిడ్డ ఎక్కే కారుని నేనే పాడుచేశానండీ. నా చేతులు పడిపోనూ!"

"చేతులు పడిపోతే గీకేదెవరే? లే. ఆ పాత బ్రష్షు తీసుకురా" అన్నాడు సింహాద్రి. అంత కంగార్లోనూ ఆయన ఒక్క మాట తిట్టలేదు. అది మాత్రం ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పుడు పళ్ళు తోముకునే పాత బ్రష్షు కిరసనాయిల్లో ముంచి ఆవిడే తోమింది. ఆ తర్వాత పాత లుంగీ గుడ్డతో తుడిచింది. ఆ తర్వాత వేలితో గ్రీసు పట్టించింది. సింహాద్రి బోల్టులు బిగించాడు. మూత ఎత్తి దించారు. చప్పుడు లేదు. గతుకుల్లో తిప్పారు. చప్పుడు లేదు. చీకటి పడేలోపు చెరుకు ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద కూడా తిప్పుకొచ్చారు. మూత కదల్లేదు, కిక్కురుమనలేదు.

గురువారం తెల్లారి బయల్దేరారు. వరహాలమ్మ సంగతి చెప్పానుగా. నిన్నటిదాకా కీచుమంటే భయం, ఇప్పుడు కీచుమనకపోతే భయం. దారంతా ఆ మూత మీదే కళ్ళు పెట్టి కూర్చుంది. పైగా ఘాట్లో ఒక లారీ అడ్డంగా ఆగిపోయింది. గంట పోయింది. రెండు గంటలు పోయాయి. దార్లో ఉన్న అమ్మవారికి ఆవిడ మొక్కని మొక్కు లేదు.

పాడేరు చేరేసరికి పన్నెండుకి పది నిమిషాలు తక్కువ.

ముత్యం అరుగు మీద కూర్చుని ఉంది. వీధి వైపు వీపు, గోడ వైపు మొహం. కారు వచ్చి ఆగినా తిరిగి చూడలేదు. "ఇక రారులే, బ్యాగు లోపల పెట్టేయమ్మా" అని అత్తగారు అంటోంది. ముత్యం బ్యాగు పట్టీ పట్టుకుని లేస్తోంది. దాని భుజాలు కదులుతున్నాయి.

వరహాలమ్మ పరుగున దిగింది. "అమ్మా, ముత్యం!"

ముత్యం తిరిగి చూసి భోరుమంది. "కారు మలుపు తిరగ్గానే ఆ కీచు వినపడుతుంది కదమ్మా. ఎప్పుడూ అది వినపడితేనే మా నాన్న వచ్చాడని పరిగెత్తుకొస్తాను. పొద్దున్నుంచీ దానికోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఎన్ని కార్లు వచ్చినా కీచుమనలేదు. ఇక మీరు రారనుకున్నాను" అంది.

వరహాలమ్మ భయపడి చచ్చిన ఆ చప్పుడు, పిల్లకి పుట్టిల్లు వచ్చినట్టు వినపడిందన్నమాట. కూతుర్ని పట్టుకుని తనూ ఏడ్చింది. అప్పుడు అత్తగారే గడియారం చూసి "ముందు గడప దాటండమ్మా, తర్వాత ఏడుద్దురుగాని!" అని కసిరింది. పన్నెండుకి మూడు నిమిషాలు ఉందనగా దాటారు.

ఆ తర్వాత? రెండు నెలలు తిరిగాక ముత్యానికి పుట్టింట్లో, అమ్మ చెయ్యి పట్టుకుని ఉండగా, పాప పుట్టింది.

ఆ పాప ఎవరంటావా? నువ్వే! పేర్లు మార్చానులే. నా తెలివితక్కువ పని నా పేరుతో ఎలా చెప్పుకోను?

ఇప్పుడు పసుపు మా ఇంటి గడపకే. కారుకి పైన ఒక్క కుంకుమ బొట్టు, అంతే. ఆ రోజు నుంచి మీ తాతయ్య ఏ ఊరు వెళ్ళొచ్చినా మలుపు తిరగ్గానే మూడుసార్లు హారను కొడతాడు. ఎవరూ చెవులు రిక్కించుకుని ఏడవకూడదని.

రేపు పొద్దున్న కూడా కొడతాడు. వినపడగానే నేను లేపుతాను. ఇక కళ్ళు మూసుకో, నాతోపాటు అను:

పసుపేమో గడపకి,
గ్రీసేమో బందుకి,
కీచుమన్న కారేమో
కొండ దిగి కిందికి,
కథేమో కంచికి,
అమ్మేమో ఇంటికి,
నిద్దరేమో మెల్లగా
నా పండు కంటికి.