ముల్లు లేవని కాఫీ యంత్రం

కాఫీ పిచ్చి ఉన్న ఓ జమీందారుగారి సీమ కాఫీ యంత్రం వారం రోజులుగా నీళ్ల కాఫీ పోస్తోంది. ఒత్తిడి చూపే ముల్లు లేవడమే లేదు.

"పంపులో బలం చచ్చింది. కొత్తది కొనాల్సిందే," అన్నాడు దివాణం ఇంజనీరు పేరిశాస్త్రి.

తిరగలి తిప్పే గవరమ్మ ఊరుకోలేదు. "పంపు బాగానే ఉంది. ఫిల్టరు కాఫీకి లాగా మీరు నాచేత పొడి బరకగా విసిరించారు. నా మాట తప్పయితే కొలువు మానేస్తా."

"నీకేం తెలుసే?"

"ఆ పెరటి తలుపు బలంగా తోయండి బాబూ."

శాస్త్రి భుజం పెట్టి తోశాడు. గడియ లేని తలుపు ఠపీమని తెరుచుకుంది. ఆయన పెరట్లో బోర్లా పడ్డాడు.

"మీ బలం చచ్చిందా? తలుపు ఆపలేదంతే. బరక పొడీ నీళ్లని ఆపదు, ఇక ఒత్తిడెలా పుడుతుంది?"

గవరమ్మ గింజలు మెత్తగా విసిరి, పొడి గట్టిగా అదిమింది. ముల్లు చివ్వున లేచింది. చిక్కటి కాఫీ దిగింది.

జమీందారు లొట్టలేశారు. "శాస్త్రీ, దుమ్ము దులుపుకుని తిరగలి దగ్గర కూర్చో. యంత్రం ఇక గవరమ్మ చూసుకుంటుంది!"