వేదిక మీద ధనకోటి

కరుణాకరం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "రేపు ఖాళీయేనా?" అని ఎదురు అడిగేవారు. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు పెద్దవాళ్ళయి, ఉద్యోగాల్లో కుదురుకున్నాక కూడా ఏదైనా ఎటూ తేలకపోతే ఆయన వరండాలోకే వచ్చి కూర్చునేవారు.

అలాగే వచ్చింది హైమవతి. లా చదివిన పిల్ల. కాలువ చివరి ఊళ్ళ తాగునీటి కోసం కొన్నేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం నీటి మీద ఒక సలహా సంఘం వేస్తూ, అందులో సభ్యురాలిగా ఉండమని ఆమెని పిలిచింది.

"మాస్టారూ, ఇన్నాళ్ళూ బయట నిలబడి అరిచాను, ఎవరూ వినలేదు. లోపల కూర్చుంటే మాటకి విలువ వస్తుంది కదా. ఒప్పుకోమంటారా?" అని అడిగింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, "రేపు ఖాళీయేనా?" అన్నారు.

మర్నాడు ఆమెని మండల కేంద్రంలో జరిగే ప్రజాభిప్రాయ సేకరణకి తీసుకెళ్ళారు. దేని మీదంటే, వేసవిలో కాలువకి వదిలే నీటిలో సగం కొత్తగా వచ్చే పారిశ్రామిక వాడకి ఇవ్వాలని రాష్ట్రం ఒక విధానం తయారు చేసింది. ఆ కాలువకి చిట్టచివర, సముద్రం వైపు, పెదగొల్లలంక అనే ఊరుంది. అక్కడ ఎంత లోతు తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. కాలువ నీరు పట్టి దాచుకుంటేనే ఎండాకాలం ఆ ఊరి గొంతు తడుస్తుంది. కాలువలో సగం తగ్గితే మొదట్లో ఉన్న ఊళ్ళకి ఏమీ తెలియదు. తగ్గేదంతా చివరి ఊరికే తగ్గుతుంది.

ఇక్కడ ఒక నిబంధన చెప్పుకోవాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది బోధపడదు. ఇలాంటి సభలో షామియానా కింద, జనం మధ్య ఒక మైకు పెడతారు. ఆ మైకులో చెప్పిన మాట వీడియోలోకి ఎక్కి రాజధానికి వెళుతుంది. వేదిక మీద కూర్చున్నవాళ్ళు సభ జరిపించేవాళ్ళ కిందే లెక్క. వాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగరు, ఎక్కడికీ పంపరు.

పెదగొల్లలంక వాళ్ళు ట్రాక్టర్ల మీద వచ్చారు. ఊరంతా కూర్చుని ముందే ఒక కట్టడి చేసుకున్నారు: గోల చేయకూడదు, అందరి తరఫునా నీటి సంఘం అధ్యక్షుడు ధనకోటి ఒక్కడే మాట్లాడాలి. ధనకోటి మాటలో తడబాటు ఉండదు. ఆయనంటే ఊరికి గురి.

సభ మొదలైంది. వ్యాఖ్యాతగా వచ్చిన లెక్చరరు గొంతు సవరించుకుని పెద్దలని ఒక్కొక్కరినే పైకి పిలిచాడు. చివర, "నీటి సంఘం అధ్యక్షులు, రైతు పెద్ద, శ్రీ ధనకోటి గారిని వేదికని అలంకరించవలసిందిగా కోరుతున్నాం" అన్నాడు.

ధనకోటి కదల్లేదు. కదిలించింది ఊరివాళ్ళే.

"మనోణ్ణి పిలుస్తున్నారు, లెగు బాబాయ్."

"ఎల్లు మావా, పిలిచినప్పుడు ఎల్లకపోతే ఏం బాగుంటది?"

నలుగురూ లేపి నిలబెట్టారు, దారిచ్చారు. ఆయన మెట్లెక్కుతుంటే చప్పట్లు కొట్టారు. రాజధాని నుంచి వచ్చిన అధికారి స్వయంగా లేచి శాలువా కప్పాడు. మళ్ళీ చప్పట్లు. ధనకోటిని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు.

"చూశారా మాస్టారూ, ఎంత మర్యాద ఇచ్చారో" అంది హైమవతి.

మాస్టారు జనం మధ్యనున్న మైకు వైపు చూస్తున్నారు.

ఉపన్యాసాలయ్యాయి. పై ఊళ్ళవాళ్ళు కొందరు మైకు దగ్గరికి వచ్చి, పరిశ్రమ వస్తే పిల్లలకి ఉద్యోగాలొస్తాయని చెప్పి వెళ్ళారు. తర్వాత మైకు ఖాళీగా నిలబడింది. వ్యాఖ్యాత, "ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నాడు.

పెదగొల్లలంక వాళ్ళు వేదిక వైపు చూశారు. పెద్దాయన పైన ఉండగా కింద ఇంకొకరు లేచి నోరు విప్పడం వాళ్ళకి చేతకాని పని. ధనకోటి శాలువాలో చెమటలు కక్కుతున్నాడు. అధికారి ఆయన ముందుకి నీళ్ళసీసా జరిపాడు. ధనకోటి ఆయన వైపు వంగి, మెల్లగా, "అయ్యా, నేను దిగి ఓ మాట చెప్పి రానా?" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న మాస్టారికీ హైమవతికీ కూడా వినిపించింది.

"కూర్చోండి, పరవాలేదు" అన్నాడు అధికారి నవ్వుతూ. "మీ సంగతి మాకు తెలుసు కదా."

ఆ నవ్వులో కల్మషం లేదు. అందుకే ధనకోటి మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు. శాలువా కప్పిన మనిషి మాట కాదని లేవడం ఎలాగో ఆయనకి తెలియలేదు.

వ్యాఖ్యాత మళ్ళీ అడిగాడు. వీడియో తీసే కుర్రవాడు తీగ చుట్టడం మొదలుపెట్టాడు. హైమవతి ఉండబట్టలేక లేచింది. "నేను వెళ్ళి మాట్లాడతాను మాస్టారూ."

"నువ్వు మాట్లాడితే అది నీ మాట అవుతుంది, ఆ ఊరి మాట కాదు. కూర్చో అమ్మాయ్."

"టైమైపోతోంది మాస్టారూ. ఇప్పుడు ఎవరూ చెప్పకపోతే అభ్యంతరం లేదని పంపేస్తారు. వచ్చే వేసవికి వాళ్ళు ఏం తాగుతారు?"

"కూర్చో" అన్నారు మాస్టారు. ఆయన చెయ్యి కూడా కుర్చీ అంచుని గట్టిగా పట్టుకునే ఉంది.

"ఇంకెవరికీ అభ్యంతరాలు లేవని భావిస్తూ..." అని వ్యాఖ్యాత అందుకున్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఒక గొంతు వినిపించింది. ధనకోటి అక్క అచ్చియ్యమ్మ. ఆమె లేవలేదు, మైకు వైపు చూడలేదు. ఇంట్లో తమ్ముడితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఒరే తమ్ముడూ, పైన ఫ్యాను గాలి బాగా తగుల్తందా?"

జనం నవ్వారు. అధికారి కూడా నవ్వాడు.

"శాలువా బాగుంది గానీ, నిన్ను ట్రాక్టరెక్కించి తెచ్చింది దానికి కాదురా. దిగు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ధనకోటి తల వంచుకున్నాడు. తర్వాత లేచి, శాలువా తీసి, మడత పెట్టి కుర్చీలో ఉంచాడు. అధికారికి చేతులు జోడించాడు. మెట్ల దగ్గరున్న పోలీసాయన భోజనానికనుకుని, "ఇటు సార్, వీఐపీలకి ఇటు" అని పక్క గుడారం చూపించాడు. ధనకోటి అటు వెళ్ళలేదు. జనంలోకి దిగి, మైకు ముందు నిలబడ్డాడు.

"నా పేరు ధనకోటి. మాది పెదగొల్లలంక. అయ్యా, మా సంగతి తెలుసన్నారు. తెలిస్తే ఆ కాగితంలో సగం అన్న మాట రాసుండేవారు కాదు. చెబుతాను, వినండి."

అధికారి మొహంలో నవ్వు పోయింది. అయినా చెయ్యెత్తి, వీడియో ఆపవద్దని సైగ చేశాడు. ధనకోటి చెప్పి పక్కకి తప్పుకునేసరికి ఆయన వెనక జనం వరస కట్టి ఉన్నారు. పెదగొల్లలంక ఆడవాళ్ళు కూడా అందులో నిలబడ్డారు. అచ్చియ్యమ్మ మాత్రం కూర్చున్న చోటే కూర్చుంది.

ఆ రోజు ఏదీ తేలలేదు. తేల్చేది రాజధానిలో. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో హైమవతి మాస్టారి పక్కన కూర్చుంది.

"అయితే ఆ సలహా సంఘంలోకి వెళ్ళొద్దంటారు" అంది.

"నేనెప్పుడన్నాను? వెళ్ళు" అన్నారు మాస్టారు. "కానీ, నిన్ను దిగమనడానికి నీకు అచ్చియ్యమ్మ ఎవరున్నారు?" అని అడిగారు.