వంశధార ఒడ్డున పేరుగట్టు

“వరాహాలూ! ఓరి నాయనా, వరాహాలూ!”

పూర్వం వంశధారా నదీతీరాన, మంచు దిగిన ఒక సాయంసమయాన, పోలమ్మ అనే వృద్ధమాత కొడుకును ఇట్లా పిలుస్తూ ఉండగానే ఆమె కంఠం పూడుకుపోయింది. పుష్యమాసపు మంచు ఆ రేవును కమ్మిందంటే ఆవలి ఒడ్డు మాట అటుంచి, చాచిన చెయ్యే కనబడేది కాదు. రేవుకు దిగువనే పడవలను పగలగొట్టే రాతిగుండ్లూ, వాటిని ఆనుకొని సుడిగుండమూ ఉండేవి. అందువల్ల పడవవాని ఇంటివారు ఒడ్డున నిలిచి పేరుపెట్టి పిలవడం, ఆ పిలుపును పట్టుకొని పడవ రేవు చేరడం అక్కడి ఆచారం. పడవవాడైన వరాహాలుకు తల్లి పిలుపే దారి.

జ్వరంతో కాగిపోతున్న పోలమ్మ, ఒడ్డుకు ఎడంగా ఉన్న తమ గుడిసెలోకి వచ్చి కూలబడి, కొత్తకోడలు అసిరమ్మ చెయ్యి పట్టుకొన్నది. “నా గొంతు నేదే గుంటా. నువ్వెల్లి పిలు. పేరెట్టి పిలు, అదొక్కటే ఆడికి తెలుస్తాది,” అని గుసగుసగా చెప్పింది.

అసిరమ్మ పరుగెత్తింది. కాని భర్త పేరు ఉచ్చరిస్తే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఉగ్గుపాలతో నేర్చిన పిల్ల ఆమె. అది సింహాద్రి మీది వరాహస్వామి పేరు కూడా కావడంచేత, ఆ దేవుణ్ణి సైతం “కొండమీది సామి” అనేదే తప్ప నోరారా స్మరించి ఎరుగదు. “ఓలమ్మా, దీని మొక్కుకి కూడా పేరు నేదు! ఆ సామి ఎవరి మొక్కో తెలీక దీని వరం నాకిచ్చీగలడు!” అని రేవులో ఆడవాళ్ళు మేలమాడేవారు. వరాహాలు పడవమీదనుంచి విని నవ్వేవాడు. “ఒక్కపాలి అనవే, నా సెవులతో ఇంటాను,” అని ముచ్చటపడేవాడు. ఆ నవ్వు తలపుకు వస్తే ఆమెకు మేనంతా పూలు పూసినట్టుండేది.

ఆ సాయంకాలం అసిరమ్మ పెదవులదాకా వచ్చిన పేరును దిగమింగి, “ఓయ్! ఇటూ! ఓయ్!” అని కేకవేసింది. దిగువ ఒడ్డున పశువులను మళ్ళించేవాళ్ళు కూడా “ఓయ్” అనే అరుస్తున్నారు. ఏ కేక ఎవరిదో తెలియని ఆ మంచులో పడవ గుండ్లమీదికి పోయింది. తెల్లవారి విరిగిన చెక్కలు దొరికాయి గాని మనిషి దొరకలేదు.

“పిలిసినావా గుంటా?” అని పోలమ్మ అడిగింది.

“పిలిసినానత్తా,” అన్నది అసిరమ్మ తల వంచుకొని.

“అయితే నీ గొంతు ఆడికి కొత్త. నా గొంతు ఇంటే వచ్చీవోడు. ఈ పాపిష్టి గొంతే నా బిడ్డని ముంచీసినాది!” అని ఆ తల్లి తన కంఠాన్ని తానే కొట్టుకొని ఏడ్చింది. ఆ మాట అసిరమ్మ గుండెలో ములుకై దిగింది. నిజం చెప్పి అత్త మీది బరువు దింపాలని ఎంత తపించినా నోరు పెగలలేదు. పేరే పలకలేని నోరు నిజాన్ని ఎట్లా పలుకుతుంది? ముందు పేరు రావాలి.

మర్నాటి సంధ్యవేళ అసిరమ్మ రేవులోని చదునైన చట్టురాతిమీద కూర్చుని, “వ” అన్నది. అని, అరచేత్తో నోరు మూసుకొని వెక్కివెక్కి ఏడ్చింది. అది కేవలం వియోగదుఃఖమే అనుకొని పోలమ్మ వెనకనుంచి వచ్చి వీపు నిమిరింది. “ముద్దంతా ఒక్కసారే మింగితే గొంతుకి అడ్డం పడతాదమ్మా. ఈ పొద్దుకి ఆ అచ్చరం సాలు. రేపు మాత్రం మానకు.”

అసిరమ్మ మానలేదు. వానలోనూ వచ్చింది, వరదలోనూ వచ్చింది. మొదటి అక్షరాన్ని అరచేతిలోకి అన్నది, తరువాత తడి ఇసుకతో అన్నది, ఎన్నాళ్ళకో దానికి రెండవది తోడయింది. ఒక్కొక్కనాడు నాలుక మొరాయించి మళ్ళీ మొదటికే వచ్చేది. ఆనాడు ఆ ఒక్కటే అని, కన్నీళ్ళు తుడుచుకొని ఇంటికి పోయేది. “బతికినన్నాళ్ళూ మూతి ముడిసినాది, ఇప్పుడు సచ్చినోడికి సదువుతాదట!” అని దెప్పినవాళ్ళూ ఉన్నారు. అయినా దీపం పెట్టని ఇల్లు ఎట్లా బోసిపోతుందో, ఆ పలుకు లేనిదే ఆమెకు సంధ్య అట్లా బోసిపోయేటంతగా అది అలవాటయింది. చివరకు ఒకనాడు పూర్తి పేరు నది మధ్యదాకా వినబడి, నీటికోళ్ళు గుంపుగా లేచాయి.

మళ్ళీ పుష్యమాసం వచ్చింది. యాత్రికులతో వస్తున్న గవరయ్య అనే మరో పడవవాని పడవ మంచులో దారి తప్పింది. అసిరమ్మ ఎప్పటివలెనే రాతిమీద నిలిచి, “వరాహాలూ!” అని పిలిచింది. నది నడుమనుంచి ఒక పురుషకంఠం “ఓ!” అని పలికింది. పిలిచిన ప్రతిసారీ ఆ “ఓ” గవరయ్యకు ముందుగా కదులుతూ, గుండ్ల సందునుంచి పడవను రేవుకు తెచ్చింది. దిగి చూస్తే ముందు మరో పడవ లేదు, మనిషి లేడు. గవరయ్య ఆ రాతికి సాగిలపడ్డాడు.

నాటినుంచి ఆ చట్టురాయి పేరుగట్టు అయింది. అసిరమ్మ పేరుతల్లిగా పూజలందుకొంటున్నది. నేటికీ పుష్యమాసంలో కొత్తకోడళ్ళు ఆ రాతిమీద నిలిచి మగని పేరు పిలుస్తారు, నీటి అంచున నిలిచిన ఆ మగడు “ఓ” అంటాడు. సిగ్గుపడే పిల్లయితే రోజుకొక్క అక్షరమే పలికి, పేరు పూర్తయ్యేదాకా రోజూ వస్తుంది. మంచు దట్టంగా ఉన్ననాడు నదిలోనుంచి మరొక “ఓ” కూడా వినబడుతుందని భక్తుల విశ్వాసం.

అయితే మొట్టమొదటి పూజకంటె ముందు, గవరయ్య పడవ రేవు చేరిన ఆ సంధ్యలోనే జరిగినదాన్ని పెద్దలు గొంతు తగ్గించి చెబుతారు. కొడుకు పలికాడని విని పోలమ్మ పడుతూ లేస్తూ ఒడ్డుకు వచ్చింది. “పిలిస్తే పలికీవోడు, ఆ పొద్దు ఎందుకు పలకనేదే? ఎందుకు రానేదే?” అని నీళ్ళవైపు చేతులు చాచింది.

అసిరమ్మ ఆమె పాదాలు పట్టుకొన్నది. ఇన్నాళ్ళూ పేరు నడిచి నడిచి నలిగిన దారినే ఆ మాట కూడా బయటికి వచ్చింది.

“ఆ పొద్దు నేను పేరెట్టి పిలవనేదత్తా. నీ గొంతు తప్పు కాదు. పేరు నా నోటిదాకా వచ్చినాది, నేనే మింగీసినాను.”