మేడ ఎక్కనన్న నీళ్ళు

కలువకొండ రాజు కీర్తిధరుడికి ఉన్నట్టుండి కోట బాగు చేయించుకోవాలన్న సరదా పుట్టింది. అందులో వింతేముంది అంటారా? మేస్త్రీలందరినీ ఇళ్ళకు పంపేసి, "మా కోట సంగతి మాకు తెలియదా?" అంటూ తానే తాపీ పట్టుకున్నాడు. అదీ వింత!

ముందు భోజనశాలకు కొత్త నేల వేశాడు. తర్వాత మనసు స్నానం మీదికి మళ్ళింది. పెరట్లో నూతి పక్కన తొట్టి, అక్కణ్ణుంచి గోడలోపల మట్టిగొట్టాలు, మేడ మీద స్నానాల గది. ఇక బిందెలు మోయక్కర్లేదు, నీళ్ళే నడిచి పైకొస్తాయట! తొట్టి కింద, గది పైన అని అందరికీ కనిపిస్తూనే ఉంది. చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ముహూర్తం నాడు రాజు ఒంటినిండా నలుగుపిండి పట్టించుకుని గొట్టం ముందు కూర్చున్నాడు. కింద తొట్టి నింపారు. పైన చుక్క రాలలేదు. నలుగు ఎండి పెచ్చులు కట్టింది. గొట్టంలోంచి ఒక బల్లి మాత్రం తొంగిచూసి వెళ్ళింది.

రాజు మండిపడుతూ కిందికొచ్చేసరికి కొమ్మన మంత్రి సిద్ధంగా ఉన్నాడు. రాజుగారు తుమ్మినా అందులో రాగం వినిపిస్తుందనే రకం ఆయన.

"ప్రభువుల పనితనంలో లోపమా! లోపమంతా గొట్టాలు చేసినవాడిదే. వాణ్ణి దేశం నుంచి తరిమేయాలి" అన్నాడు.

అలా అది కుమ్మరి పెంచలయ్య మెడకు చుట్టుకుంది. మర్నాడు పొద్దుగూకేలోగా ఆలుబిడ్డలతో పొలిమేర దాటాలని ఆజ్ఞ అయింది. పాపం, అతను రాజుగారి విందుల ఏర్పాట్లు చూసే బాచన్న దగ్గరికి పరుగెత్తాడు.

"బాబూ, నీళ్ళు పైకెక్కవని ఆనాడే చెబుదామనుకున్నా. నోరు రాలేదు. ఇప్పుడీ పసిబిడ్డల్నేసుకుని యాడికి పోయేది?"

బాచన్న మనసు చివుక్కుమంది. తప్పు రాజుదంటే తన తల ఎగిరిపోతుంది. ఊరుకుంటే ఒక సంసారం వీధిన పడుతుంది. ఏం చేయాలో తోచక ఖాళీ భోజనశాలలో పచార్లు చేస్తుంటే చేతిలో చెంబు తొణికి నీళ్ళు నేలమీద పడ్డాయి. అవి ఒక మూలకు పోయిన దారి చూసి బాచన్న నవ్వుకున్నాడు.

"ఏడవకు పెంచలయ్యా. రేపటి విందు అయ్యేదాకా మూటలు కట్టకు."

విందులో ఎప్పటిలాగే రాజుకు ఎత్తు అంచుల వెండి కంచం, మిగతావారికి విస్తళ్ళు. వెండిపువ్వుల పీట ఒకదాన్ని బాచన్న కావాలనే ఆ మూలన వేయించాడు. గొప్పలకు పోయే కొమ్మన ఎవరూ పిలవకుండానే వెళ్ళి దానిమీద కూర్చుని కొత్త పట్టుపంచె సర్దుకున్నాడు. పక్కనే బాచన్న కూర్చున్నాడు.

పప్పు అయింది, కూరలు అయ్యాయి, చారు వచ్చింది.

"మంత్రిగారికి ఇంకాస్త పోయండి. మొహమాటపడుతున్నారు" అన్నాడు బాచన్న.

అన్నంలో చేసుకున్న గుంట తెగింది. చారు విస్తరి దాటి సరాసరి పట్టుపంచె మీదికి నడిచింది. బాచన్న విస్తట్లోది కూడా దాని వెనకే బయలుదేరింది. మంత్రి చివాలున లేచాడు.

"అబ్బా, కాలిపోయింది!"

"అయ్యయ్యో! ఈ విస్తరి కుట్టినవాణ్ణి పట్టుకోండి! దేశం నుంచి తరిమేయాలి!" అని బాచన్న కేకపెట్టాడు.

మంత్రికి ఒళ్ళు మండింది.

"విస్తరి కుట్టినవాడేం చేస్తాడయ్యా! నేల ఇటు వాలి ఉంటే చారు ఇటు రాక మేడెక్కుతుందా?"

అనేశాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. అందరి చేతులూ విస్తళ్ళలోనే ఆగిపోయాయి.

"మేం వేసిన నేల వాలిందా?" అన్నాడు రాజు. వెండి కంచం పక్కకు నెట్టి, "మాకూ ఒక విస్తరి వేయండి. చారు పోయండి" అన్నాడు.

పోశారు. రాజుగారి చారు కూడా మంత్రివైపే దారి పట్టింది. రాజు దాన్ని చూశాడు, తలెత్తి మేడవైపు చూశాడు. ఎండిన నలుగు గుర్తొచ్చిందేమో, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బాచన్నా! నీళ్ళదీ ఇదే బుద్ధా?"

"అంతే ప్రభూ. తొట్టిని మేడ మీద పెట్టించండి, పరుగెత్తుకుంటూ దిగి వస్తాయి."

"మరి తొట్టి నింపేదెవరు?"

బాచన్న మంత్రివైపు చూశాడంతే.

"సరే! మొదటి కడవ మంత్రిగారిదే. పెంచలయ్యను ఊళ్ళోనే ఉండమనండి, ఆయనకు మంచి కడవ చేసిపెడతాడు. ఈ వెండి కంచం నువ్వు తీసుకో బాచన్నా. మా నేల సరయ్యేదాకా నీకు అవసరం!"

భోజనశాల గొల్లుమంది. పంచె పిండుకుంటూ కొమ్మన మంత్రికీ నవ్వక తప్పలేదు.