మూలనపడ్డ పల్లకికి కూలి

ఆ దొర పేరు నా నోట పలకను. పల్లకి ఎక్కబోతుంటే, దాన్ని మోసే నలుగురు బోయీల్లో ఒకడైన సింగన్న తుమ్మాడు. అపశకునమని దొర వాణ్ణి పనిలోంచి తీసేశాడు. తుమ్మితే పని పోయేచోట ఇంకెవడు చేరతాడు?

ఆర్నెల్లు పస్తులుండి సింగన్న రాజుగారికి మొరపెట్టుకున్నాడు.

"తుమ్ము నేరం కాదు. వీడికి పోయిన కూలి ఇచ్చెయ్" అన్నాడు రాజు, దొరని పిలిపించి.

"ఏం కూలి ప్రభూ? ఆర్నెల్లూ పల్లకి కదిలితేగా? వీడున్నా పని లేదు" అన్నాడు దొర.

సింగన్న దొర కాళ్ళకేసి చూశాడు. "పాదాలు బొబ్బలెక్కాయేం దొరా?"

"నడిచొచ్చాను మరి. ముగ్గురు పల్లకి మోస్తారట్రా?"

"విన్నారు కదా ప్రభూ. కరువైంది పని కాదు, నేను."

రాజు పకపకా నవ్వి, కూలంతా అక్కడికక్కడే ఇప్పించాడు. దొర కుంటుకుంటూ నడిచే ఇంటికి పోయాడు. బాగా అయింది.