పన్నెండు సార్లు పరీక్ష రాసిన కోతిపిల్ల

అనగనగా వెదురుపొదల నడుమ ఒక అడవి, ఆ అడవిలో ఒక చిన్న బడి. ఆ బడికి గురువు దీర్ఘరోముడనే ఎలుగుబంటి. శిష్యులు పన్నెండుగురు. బడిలో కంప్యూటర్ ఒకటి ఉండేది. గురువు దానికి పట్టువస్త్రం కప్పి, శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెట్టేవాడు. పిల్లలను తాకనిచ్చేవాడు కాడు. తానూ తాకేవాడు కాడు. తాకితే ఏమవుతుందో ఆయనకు తెలియదు.

ఒకనాడు శ్వేతకంఠుడనే కొంగ అధికారి వచ్చి ఒక టాబ్ ఇచ్చాడు.

"ఇందులో మూడు పనులున్నాయి. లేఖ రాయాలి, అడిగిన విషయం వెదకాలి, వచ్చిన కబురు నిజమో అబద్ధమో తేల్చాలి. ఎవరి పని వారే చేయాలి. రానివారున్న బడికి శిక్షకుణ్ణి పంపుతాము. రేపు వస్తాను" అన్నాడు.

తాబేలుపిల్ల స్థిరపాద ముఖం విప్పారింది. ఏటి అవతలి పెద్దబడిలో చేరాలని దాని కోరిక. ఆ బడి దరఖాస్తును కంప్యూటర్‌లో, అధికారి ఎదుట, గంటలోగా స్వయంగా నింపాలి.

"గురువుగారూ, నాకు ఒక్కటీ రాదండీ. ఆ మాటే తేలనివ్వండి, నేర్పేవారొస్తారు" అంది.

"పరువేం కావాలే తల్లీ? పొరుగుకొండ కుందేలు పంతులు మీసం మెలేస్తాడు" అన్నాడు గురువు.

కోతిపిల్ల చపలాంగి మేనమామకు సంతలో ఫోన్ల దుకాణం ఉంది. దానికి అన్నీ వచ్చు. గురువు దానినే కూర్చోబెట్టాడు. అది పన్నెండుగురి పేర్లతో పన్నెండు సార్లు పరీక్ష రాసింది.

"ఏమే, అందరి లేఖలూ అరటిపండుతోనే మొదలయ్యాయేమిటి?" అన్నాడు గురువు.

"అలవాటండీ."

మరునాడు అధికారి ఫలితం చదివాడు. "నూటికి నూరు. మీకు శిక్షకుడు అక్కరలేదు. ఆయనను పొరుగుకొండకు పంపుతున్నాము."

గురువు ప్రశంసాపత్రాన్ని అందుకొని గోడకు తగిలించాడు.

వేసవిలో దరఖాస్తుల రోజు వచ్చింది. చపలాంగి పది నిమిషాల్లో ముగించి లేచింది. స్థిరపాద గంటసేపు వెదికి, తన పేరులో మొదటి అక్షరం మాత్రం కనిపెట్టింది. గంట మోగింది.

"నీకు నూటికి నూరు వచ్చాయి కదమ్మా?" అన్నాడు అధికారి.

స్థిరపాద తల దించుకొంది. తప్పు గురువుదని మాత్రం చెప్పలేదు. దీర్ఘరోముడు ముందుకు వచ్చాడు.

"అయ్యా, అవి దాని మార్కులు కావు. నేను చపలాంగితో రాయించి తెచ్చిన మార్కులు. మళ్ళీ కొలవండి. నన్ను కూడా కొలవండి."

కొలిచారు. పదకొండు మంది పిల్లలకు సున్న. గురువు టాబ్‌ను తలకిందులుగా పట్టుకొన్నాడు. ఆయనకూ సున్న.

"స్థిరపాదకు ఈ ఏడే అవకాశం ఇప్పించలేరా?" అని గురువు బతిమాలాడు.

"గడువు దాటింది. వచ్చే ఏడు రావాలి. శిక్షకుడు పొరుగుకొండ మీదే ఉన్నాడు. అక్కడ వెనుకబల్ల ఖాళీ" అన్నాడు అధికారి.

మరునాటి నుండి దీర్ఘరోముడు పదకొండుగురితో కొండెక్కి, వెనుకబల్ల మీద కూర్చొన్నాడు. ముందుబల్ల ఎలుకపిల్ల వెనుదిరిగి చూసింది.

"తాతగారూ, గోటితో పొడవకండి. మెల్లగా నొక్కాలి."

"చిత్తం" అన్నాడు గురువు.

నీతి: మనకు ఏమి రాదో చెప్పే కొలతను దిద్ది రాసుకొంటే, రానిది రాకుండానే ఉంటుంది, నేర్చుకోవలసిన కాలం మాత్రం పిల్లల చేజారిపోతుంది.